కచేరీయా, పాఠమా? లియాన్ ఫ్లైషర్ రెండు చేతుల లెక్క

కచేరీ పియానిస్ట్ అనేది ఉద్యోగం కాదు. పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాళ్లకు జీతం ఉంటుంది, సెలవులుంటాయి, రిటైర్మెంట్ ఉంటుంది. సోలో పియానిస్ట్‌కు ఆ ఆర్కెస్ట్రాలో సొంత కుర్చీ ఉండదు. పిలిస్తే వెళ్లాలి, ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వాయిద్యం ముందుండి నడిపే అరగంట రచన, అంటే కన్సెర్టో, వాయించాలి, వంగి నమస్కారం పెట్టి దిగిపోవాలి. మళ్లీ ఇంకో ఊరు, ఇంకో ఆర్కెస్ట్రా. వాయిద్యం కూడా ఇంకోటే. వయొలిన్ విద్వాంసుడు తన వయొలిన్‌ని పసిబిడ్డలా వెంటేసుకుని తిరుగుతాడు. కచేరీ పియానో తొమ్మిదడుగుల పొడవు, దాదాపు అర టన్ను బరువు. దాన్ని ఎవరు మోస్తారు? కాబట్టి ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి పియానోతో సర్దుకుపోవాలి.

ఇక డబ్బు సంగతి. వచ్చిన ఫీజులో ఏజెంటు కమిషన్ పోతుంది, ప్రయాణాల ఖర్చు పోతుంది. ఆ అరగంట కోసం ఇంట్లో కూర్చుని చేసిన వందల గంటల సాధనకు ఎవరూ పైసా ఇవ్వరు. కచేరీలు ఏడాది, రెండేళ్ల ముందే ఖాయమవుతాయి కానీ, ఆ రోజు ఒక్క వేలు మొరాయిస్తే ఆ ఆదాయం సున్నా.

మరి ప్రపంచంలో ఇంతమంది పియానిస్టులు ఎలా బతుకుతున్నారు? ఎక్కువమంది పాఠాలు చెప్పి. ఇక్కడే ఒక అపార్థం మొదలవుతుంది. "ఒకప్పుడు గొప్పగా వాయించేవాడు, పాపం ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాడు" అనే మాట మన ఊళ్లలోనూ వింటాం, వాళ్ల ఊళ్లలోనూ ఉంది. కచేరీ గెలుపు, పాఠం ఓదార్పు బహుమతి అన్నట్టు. ఆ 'పాపం' ఎంత తప్పో తెలియాలంటే అమెరికన్ పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్ జీవితం చూడాలి. పైకి చూస్తే ఆ 'పాపం' ఆయన కోసమే పుట్టినట్టుంటుంది. కాస్త లోపలికి వెళ్తే లెక్క తిరగబడుతుంది.

ఫ్లైషర్ 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. అమ్మానాన్నలు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. నాన్న టోపీలు చేసేవాడు. అమ్మ లెక్క సూటిగా ఉండేది: కొడుకు అయితే అమెరికాకు మొదటి యూదు అధ్యక్షుడు కావాలి, లేదా గొప్ప పియానిస్ట్ కావాలి. నిజానికి పాఠాలు పెట్టించింది అన్నకి. అన్న పాఠం అయ్యాక బయటికి ఆడుకోవడానికి పోతే, మూల కూర్చుని విన్న తమ్ముడు పియానో దగ్గరికెళ్లి టీచరు అడిగినవన్నీ వాయించేవాడు. నాలుగేళ్లకు పాఠాలు తమ్ముడి వంతయ్యాయి, ఎనిమిదేళ్లకు మొదటి కచేరీ అయింది.

అప్పట్లో బీథోవెన్ అంటే ఆర్తుర్ ష్నాబెల్ వాయించాలి అనేంత పేరు ష్నాబెల్‌ది. బీథోవెన్ ఒక్క పియానో కోసమే రాసిన పెద్ద రచనలు, 32 సొనాటాలనూ మొదటిసారి పూర్తిగా రికార్డు చేసింది ఆయనే, 1930లలో. చిన్నపిల్లల్ని శిష్యులుగా తీసుకోనని ఆయన నియమం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పెద్ద సంగీతజ్ఞుడు ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచి, ఈ కుర్రాణ్ణి దొడ్డిదారిన లోపలికి తెచ్చి, ఆయన భోజనాల గదిలోంచి వచ్చేసరికి పియానో ముందు కూర్చోబెట్టాడు. పెద్దమనిషి విన్నాడు. నియమం సడలింది. తొమ్మిదేళ్ల పిల్లాడిని 1938లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డుకు రమ్మన్నాడు, ఒక్క షరతు మీద: ఇక కచేరీలు చెయ్యకూడదు. బాల మేధావి అని ఊరూరా తిప్పుదామనుకునే తల్లిదండ్రులకు ఇది చేదు మాత్రే. మింగారు.

ష్నాబెల్ గురువు వియన్నాలో పేరుమోసిన థియోడోర్ లెషెటిట్స్కీ. ఆయన గురువు కార్ల్ చెర్నీ. పియానో నేర్చుకునే పిల్లల్ని ఇప్పటికీ ఏడిపించే వేళ్ల అభ్యాసాల పుస్తకాలు ఆ చెర్నీవే. చెర్నీకి గురువు బీథోవెన్. అంటే బీథోవెన్ నుంచి లెక్కపెడితే ఫ్లైషర్ ఐదో పేరు.

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. త్యాగరాజు, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇక్కడా ఐదో పేరే. త్యాగరాజు 1767లో పుడితే బీథోవెన్ 1770లో పుట్టాడు. బాలమురళి 1930లో, ఫ్లైషర్ 1928లో. కావేరి ఒడ్డున మొదలై బెజవాడ చేరిన వరుస ఒకటి, వియన్నాలో మొదలై పసిఫిక్ తీరం చేరిన వరుస ఇంకొకటి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, దాదాపు ఒకే కాలంలో, పక్కపక్కనే నడిచాయి.

కానీ ఒక తేడా ఉంది, అది ముఖ్యం. మన కృతి గురువు నోటినుంచి శిష్యుడి చెవికి వస్తుంది. గురువు లేకపోతే కృతే లేదు. బీథోవెన్ సొనాటా అలా కాదు, ప్రతి స్వరమూ అచ్చులో ఉంది. కొట్లో కొనుక్కోవచ్చు. మరి గురువెందుకు?

దీనికి జవాబు పియానో పొట్టలో ఉంది. మెట్టు నొక్కగానే ఒక సుత్తి లేచి తీగను కొట్టి వెంటనే వెనక్కి పడిపోతుంది. అంతే. ఆ తర్వాత ఆ స్వరం వాయించేవాడి చేతిలో లేదు. వీణలో మీటాక కూడా తీగను లాగి గమకం పలికించవచ్చు. వయొలిన్‌లో కమాను లాగుతూ నాదాన్ని పెంచవచ్చు. పియానోలో పుట్టిన మరుక్షణం నుంచీ ప్రతి స్వరమూ చచ్చిపోతూనే ఉంటుంది. దాన్ని ఎప్పుడు ఆపాలో మాత్రమే మన చేతిలో ఉంది. ఒక రకంగా ఇది తీగల వాయిద్యం వేషం వేసుకున్న డప్పు. అలాంటి 88 దెబ్బల పెట్టెతో పాట పాడించాలంటే, సన్నగిల్లుతున్న ఈ స్వరం పక్కన తర్వాతి స్వరాన్ని ఎంత బరువుతో, ఎంత ఆలస్యంగా పెడితే రెండూ ఒకే ఊపిరిలా వినిపిస్తాయో తెలియాలి. ఆ 'ఎంత' కాగితం మీద ఉండదు. రాయడానికి గుర్తులు లేవు. ఐదు తరాలుగా చేతులు మారింది ఆ 'ఎంత' ఒక్కటే.

ష్నాబెల్ పాఠం ఒక్కడికే చెప్పేవాడు కాదు. ఒకరు వాయిస్తుంటే మిగతా శిష్యులంతా గదిలో కూర్చుని వినాలి. ఒక రచన మీద పాఠం గంటలు సాగేది, మళ్లీ అదే రచన పట్టుకుని రావడానికి లేదు. అలా నీ పాఠం ఒకటైతే, పక్కవాళ్ల పాఠాలు నాలుగైదు ఉచితం. ఈ పద్ధతిని ఫ్లైషర్ తర్వాత తన క్లాసులోకీ తెచ్చుకున్నారు.

పదహారేళ్లకు కచేరీల నిషేధం తీరింది. 1944లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ మొదటి కన్సెర్టో వాయిస్తే, ఆ ఆర్కెస్ట్రాను నడిపించిన కండక్టర్ పియర్ మాంట్యూ ఈ శతాబ్దానికి దొరికిన పియానిస్ట్ ఇతనే అన్నంత పొగిడాడు. ఇంత పొగడ్త పడ్డాక జీవితం సాఫీగా సాగిందనుకుంటాం. లేదు. ష్నాబెల్ పంతొమ్మిదో ఏట ఇక నీ దారి నువ్వు చూసుకో అని పంపేశాడు, కచేరీలు పల్చబడ్డాయి, కుర్రాడు పారిస్ వెళ్లిపోయాడు. బాల మేధావులకు ఇది మామూలుగా వచ్చే గుంటే. పదహారేళ్లవాడు బ్రామ్స్ వాయిస్తే వింత, ఇరవై రెండేళ్లవాడు వాయిస్తే ఇంకొక పియానిస్ట్.

ఆ గుంటలోంచి పైకి లాగేది పోటీ. వార్సాలో షొపాన్ పోటీ, మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ, బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ. సంగీతాన్ని పరుగుపందెం చేశారని వీటిని తిట్టేవాళ్లు చాలామంది, నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. కానీ ఏజెంటు లేనివాడికి ఒక్క రాత్రిలో ఏజెంటునీ, తేదీలనీ తెచ్చిపెట్టే తలుపు ఇంకోటి లేదు. 1952లో ఫ్లైషర్ బ్రస్సెల్స్ పోటీ గెలిచారు, అది గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే. తర్వాత జార్జ్ సెల్ నడిపే క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో బీథోవెన్ ఐదు కన్సెర్టోలు, బ్రామ్స్ రెండు రికార్డు చేశారు. ఇప్పటికీ ఆ రచనలకు ఏ రికార్డింగ్ కొనాలని అడిగితే పెద్దలు ముందు వరసలో వాటి పేర్లే చెబుతారు.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. 1959. కచేరీలు శిఖరం మీదున్నప్పుడు, రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నప్పుడు, ఆయన బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరారు. చెయ్యి పోయాక గత్యంతరం లేక టీచరయ్యారని చాలామంది రాస్తారు. తేదీలు ఒప్పుకోవు.

చెయ్యి మొరాయించడం మొదలైంది 1964లో. కుడి చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు వాయిస్తుండగా అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. నొప్పి లేదు. వాపు లేదు. సాధన తగ్గిందేమోనని ఆయన ఇంకా పెంచారు. ఇంకా ముడుచుకున్నాయి. 1965 వసంతంలో సెల్‌తో, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో సోవియట్ యూనియన్ పర్యటన ఉంది. బయల్దేరే ముందు విన్న సెల్, నువ్వు రాలేవు అని చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 36.

ఆ జబ్బు పేరు ఫోకల్ డిస్టోనియా. ఆయనకు ఆ పేరు తెలిసేసరికి పాతికేళ్లు దాటింది. చేతి జబ్బులా కనిపించే మెదడు సంగతి ఇది, అందుకే అంత ఆలస్యం. మన మెదడులో ఒక్కో వేలికి ఒక్కో జాగా ఉంటుంది, పక్కపక్కనే ఉన్న వరి మళ్లలాగా. ఈ మడికి పెట్టిన నీళ్లు పక్క మడిలోకి పోకుండా మధ్యలో గట్లుంటాయి. పియానిస్ట్ రోజుకు ఏడెనిమిది గంటలు, ఏళ్ల తరబడి, పక్కపక్క వేళ్లను ఒకదాని వెంట ఒకటి కన్ను మూసి తెరిచేంత వేగంతో కదిలిస్తాడు. కొందరిలో ఆ ఒరవడికి గట్లు కోసుకుపోతాయి. నాలుగో వేలికి పంపిన ఆజ్ఞ ఐదో వేలికీ పారుతుంది. వేలిని చాచే కండరం పని చేసేటప్పుడు ముడిచే కండరం ఊరుకోవాలి, ఇక్కడ రెండూ ఒకేసారి లాగుతాయి. ముడిచే కండరం బలమైనది కాబట్టి అదే గెలుస్తుంది.

ఎక్స్‌రే తీస్తే ఎముక బాగుంది. కండరం బాగుంది. చాలామందికి చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ, అన్నం కలుపుకోవడానికీ ఆ చెయ్యే చక్కగా పనికొస్తుంది, వాయిద్యం ముందు కూర్చుంటేనే తిరగబడుతుంది. దాంతో డాక్టర్లకు చివరికి మిగిలేది ఒక్క మాట: టెన్షన్. వృత్తి సంగీతకారుల్లో వందకు ఒకరికి ఇది వస్తుందని అంచనా. వందకు ఒకరంటే తక్కువేమీ కాదు. వచ్చినవాళ్లు చాలాకాలం బయటికి చెప్పేవాళ్లు కాదు. చెయ్యి బాలేదని తెలిస్తే ఎవరు పిలుస్తారు?

ఇంకో క్రూరమైన విషయం. ఏ విద్యలోనైనా కష్టం వస్తే గురువులు చెప్పే మందు సాధన. ఈ జబ్బుకు సాధనే ఎరువు. ఎంత ఎక్కువ వాయిస్తే గట్లు అంత వేగంగా తెగుతాయి.

ఫ్లైషర్ తొక్కని గడప లేదు. ఇంజెక్షన్లు, సైకోథెరపీ, ఆక్యుపంక్చర్, హిప్నాటిజం. పెళ్లి చెదిరింది. గడ్డం పెంచి, జుట్టు పెంచి, స్కూటర్ కొనుక్కుని తిరిగారు. చచ్చిపోదామన్న ఆలోచన కూడా వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

అప్పుడు మిగిలింది ఎడమ చెయ్యి. దానికోసం ఒక చిన్న సంగీత ప్రపంచమే సిద్ధంగా ఉంది, దాని కథ వింతగా ఉంటుంది. వియన్నాలో పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే పియానిస్ట్ మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914లో, కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. కోటీశ్వరుల బిడ్డ కాబట్టి పెద్దపెద్ద స్వరకర్తలకు డబ్బిచ్చి ఎడమ చేతికి మాత్రమే కన్సెర్టోలు రాయించుకున్నాడు. రవెల్ రాసినది వాటిలో మణిపూస. ప్రొకోఫియెవ్ రాసింది ఆయనకు నచ్చలేదు, వాయించలేదు. హిండెమిత్ 1923లో రాసింది కూడా వాయించలేదు, పైగా ఆ కాగితాలు ఇంట్లో దాచేశాడు. ఇది కాక, బాఖ్ వయొలిన్‌కు రాసిన 'చకోన్'ను బ్రామ్స్ ఒక్క ఎడమ చేతికి మార్చి రాసి, కుడి చేతికి దెబ్బ తగిలించుకున్న స్నేహితురాలు క్లారా షూమన్‌కు పంపిన సంగతి ఒకటుంది. ఎవరో పోగొట్టుకున్న చేతుల మీద బతికిన ఈ సంగీతమే ముప్పయ్యేళ్లు ఫ్లైషర్‌ని వేదిక మీద నిలబెట్టింది. దాంతోపాటు కండక్టింగ్ కూడా చేశారు. కానీ ఈ కొన్ని రచనలతో ఏ పియానిస్టూ జీవితం నింపుకోలేడు.

నింపింది పాఠమే. అదీ మునుపటి పాఠం కాదు. చేతులు బాగున్న గురువు శిష్యుడు తప్పు వాయిస్తే పక్కకి జరగమని తానే వాయించి చూపిస్తాడు. అది సులువు, పైగా శిష్యుడు కోతిలా అనుకరించి సరిపెట్టుకుంటాడు. ఫ్లైషర్‌కు ఆ దారి మూసుకుపోయింది. వేళ్లకు తెలిసిందంతా మాటల్లోకి తర్జుమా చెయ్యాల్సి వచ్చింది. ఎందుకు ఇక్కడ ఆగాలి, ఈ స్వరం ఎటు వెళ్తోంది, నీ చెవి ఇప్పుడు ఎక్కడుంది అని. తాను అంతకుముందు ఆలోచించకుండా చేసినవి ఇప్పుడు ఆలోచించాల్సి వచ్చిందని, దానివల్ల మెరుగైన గురువునయ్యానని ఆయన చెప్పేవారు. నాకైతే ఆయన జీవితంలో చెయ్యి తిరిగి రావడం కంటే ఇదే పెద్ద సంఘటన అనిపిస్తుంది.

ఆయన తరచూ చెప్పే పాఠం ఒకటుంది. వాయించేవాడిలో ముగ్గురుండాలి. మొదటివాడు వాయించకముందే లోపల వింటాడు, రాబోయేది ఎలా ఉండాలో వాడికి తెలుసు. రెండోవాడు వాయిస్తాడు. మూడోవాడు దూరంగా కూర్చుని, వచ్చింది మొదటివాడు కోరిందేనా అని వింటాడు, కాకపోతే రెండోవాడికి చెబుతాడు. ముగ్గురూ ఒకేసారి పని చెయ్యాలి. కిటుకంతా ఇక్కడుంది: ఈ ముగ్గురిలో వేళ్లు కావాల్సింది ఒక్కడికే. ఫ్లైషర్ పోగొట్టుకున్నది రెండోవాణ్ణి, అదీ సగమే. మిగతా ఇద్దరూ క్లాసులో రోజూ పని చేస్తూనే ఉన్నారు. అలసిన చేతితో యాంత్రికంగా గంటలు గంటలు వాయించొద్దని శిష్యుల్ని ఆయన అంతలా హెచ్చరించేది కూడా అందుకే. అప్పుడు మొదటివాడు నిద్రపోతాడు, మూడోవాడు వెళ్లిపోతాడు, రెండోవాడు ఒంటరిగా చెయ్యి పాడుచేసుకుంటాడు.

ఎవరు వచ్చేవారు ఆ క్లాసుకు? ఆండ్రే వాట్స్ వచ్చాడు. పదహారేళ్లకే టీవీలో, ప్రసిద్ధ కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టైన్ పక్కన, దేశమంతటికీ తెలిసిపోయిన కుర్రాడు, ఆ తర్వాతే ఫ్లైషర్ దగ్గర చేరాడు. యెఫీమ్ బ్రాన్ఫ్‌మన్ వచ్చాడు, జోనథన్ బిస్ వచ్చాడు. కచేరీలు చేసేవాడు గొప్ప, చెప్పేవాడు తక్కువ అనే లెక్క నిజమైతే, కచేరీలు చేస్తున్నవాళ్లే చెప్పేవాడి గుమ్మం ముందు ఎందుకు నిలబడ్డారు?

చెయ్యి కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు. 1981లో మణికట్టుకు ఆపరేషన్ అయింది, కాస్త తేలికైంది. 1982లో బాల్టిమోర్‌లో కొత్త హాలు ప్రారంభానికి టీవీ కెమెరాల ముందు పునరాగమనం పెట్టుకున్నారు. బీథోవెన్ నాలుగో కన్సెర్టో అనుకున్నది, చెయ్యి నిలబడదని తెలిసి సెజార్ ఫ్రాంక్ రచనకు మార్చుకున్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లోపల కూర్చున్న మూడోవాడు మాత్రం కొట్టలేదు. ఇది అబద్ధం అనుకుని ఫ్లైషర్ మళ్లీ ఎడమ చేతికే వెళ్లిపోయారు. అంత చప్పట్ల మధ్య అలా అనుకోవడం తేలికేమీ కాదు.

1990లలో జబ్బుకు పేరు దొరికింది, మందూ దొరికింది. బోటాక్స్. ముఖం మీద ముడతలకు వాడేదే. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని అది కొన్ని నెలలు అడ్డుకుంటుంది. అతిగా ముడుచుకునే కండరంలో ఒక్క చుక్క వేస్తే అది కాస్త చచ్చుబడి, చాచే కండరానికి అవకాశం వస్తుంది. తెగిన గట్టు తెగినట్టే ఉంటుంది, నీటి ఒరవడి తగ్గుతుంది, అంతే. కొన్ని నెలలకోసారి మళ్లీ సూది. దానికి తోడు బిగుసుకుపోయిన కండరాలను లోతుగా మర్దన చేసే చికిత్స. 1995లో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో రెండు చేతులా మోజార్ట్ వాయించారు. 2004లో 'టూ హ్యాండ్స్' ఆల్బమ్ వచ్చింది, రెండు చేతుల రికార్డింగ్ దాదాపు నలభై ఏళ్ల తర్వాత. అందులో గారడీలేమీ లేవు. బాఖ్ నెమ్మదిగా మొదలవుతుంది, షూబర్ట్ చివరి సొనాటాతో ముగుస్తుంది. వేగం చూపించాల్సిన అవసరం తీరిపోయిన మనిషి వాయింపు అది.

పీబడీలో చెప్పడం 1959లో మొదలైతే, 2020 ఆగస్టులో 92 ఏళ్లకు చనిపోయేదాకా ఆ కళాశాల గురువుగానే ఉన్నారు. రెండు చేతుల కచేరీ జీవితం ముక్కలు రెండూ కలిపినా అరవై ఒక్క ఏళ్ల పాఠం ముందు చిన్నవే. బిస్ ఇప్పుడు తనూ పాఠాలు చెబుతున్నాడు. బీథోవెన్ సొనాటాల మీద 2013లో ఇంటర్నెట్‌లో కోర్సు పెట్టాడు. హైదరాబాద్‌లో ట్రినిటీ సంగీత గ్రేడ్ పరీక్షకు చదివే పిల్లకైనా, మేరీలాండ్‌లో శనివారం క్లాసుకు వెళ్లే తెలుగు కుర్రాడికైనా ఆరో పేరు దగ్గర కూర్చుని వినడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

హిండెమిత్ దాచిపెట్టిన కాగితాల సంగతి మర్చిపోలేదు. విట్‌గెన్‌స్టైన్ భార్య పోయాక, 2002లో, ఇంట్లో బయటపడ్డాయి. రాసిన ఎనభై ఏళ్లకు మొదటిసారి ఎవరు వాయించాలి? 2004 డిసెంబర్‌లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఫ్లైషర్‌ని పిలిచింది. రెండు చేతుల ఆల్బమ్ వచ్చిన ఏడాదే అది. ఆయన వెళ్లి, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో వాయించి వచ్చారు.